బస్సెక్కిన నెత్తురు

ముప్పై ఎనిమిదేళ్ళకే రిటైరయ్యానని చెబితే జనం ముందు నా ముఖం చూస్తారు, తర్వాత జాలిగా మా ఆవిడ ముఖం చూస్తారు. నిజానికి రిటైరయింది నేను కాదు, నా నడుము. పన్నెండేళ్ళు రోజూ ఎక్స్‌రేలు తగలకుండా సీసం కుట్టిన ఏప్రన్ తొడుక్కుని నిలబడితే నడుముకు కూడా ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. అది తన అభిప్రాయం చెప్పింది. నేను రాజీనామా రాశాను.

నేను పనిచేసింది కామారెడ్డిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో. అంటే గుండె రక్తనాళాల్లోకి మణికట్టు దగ్గర నుంచో తొడ దగ్గర నుంచో సన్నటి గొట్టం పంపి, పూడిక ఉన్నచోట స్టెంట్ అనే జాలీ గొట్టాన్ని కూర్చోబెట్టే గది. అందులో నేను టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాదు. ఈ మాట మా ఊళ్ళో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇప్పటికీ పెళ్ళి పత్రికల మీద నా పేరు ముందు "డా." అని రాసి పంపే బంధువులున్నారు. వాళ్ళ పిల్లల జ్వరాలకు నేను బాధ్యుణ్ణి కాను.

ఈ మధ్య ఇదే కోర్సు చదివిన పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. "అన్నా, జాబ్ ఎట్లుంటది?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. జీతం ఎంత, సీనియర్ ఎప్పుడవుతారు అన్నవి ఇందులో లేవు. అవి అడగాల్సింది నన్ను కాదు. ఒక చిన్న నీలం మూత ట్యూబు గురించి, దానితో నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం ఉంది.

పొలం గట్టు

స్టెంట్ పెట్టాక దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా మందు ఇస్తారు. గాయమైనచోట ఒకదాన్నొకటి పట్టుకుని అడ్డుకట్ట వేసే కణాలను ప్లేట్‌లెట్లు అంటారు కదా, ఆ మందు వాటిని జోకొడుతుంది. సరిగ్గా జోకొట్టకపోతే స్టెంట్ మూసుకుపోయి మనిషి పోతాడు. మరీ జోకొడితే కడుపులోనో తలలోనో నెత్తురు కారి పోతాడు. చాలామందికి ఈ రెంటి మధ్య హైవే అంత వెడల్పు దారి ఉంటుంది. కొందరికి పొలం గట్టంతే ఉంటుంది. బాగా పెద్దవాళ్ళు, బక్కపలచగా ఉన్నవాళ్ళు, ఒంట్లో నెత్తురు తక్కువున్నవాళ్ళు, కడుపులో పుండున్నవాళ్ళు.

ఆ గట్టు మీద నడిచేవాళ్ళ కోసం మా దగ్గర ఒక మెషిన్ ఉండేది. టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దది. అందులో నెత్తురు నింపిన నీలం మూత ట్యూబు పెడితే ప్లేట్‌లెట్లు ఎంత మేలుకుని ఉన్నాయో అంకె చెబుతుంది. పెద్ద అంకె వస్తే మందు పట్టలేదని, మరీ చిన్న అంకె వస్తే పట్టాల్సినదానికంటే ఎక్కువ పట్టిందని. ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు, మా డాక్టర్ సారు కూడా అందరికీ రాసేవాడు కాదు. ఎవరి విషయంలో భయపడతాడో వాళ్ళకే రాసేవాడు. అందువల్ల ఆ డబ్బా ముందు నిలబడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు గట్టు మీద ఉన్నట్టే లెక్క.

ఆ డబ్బా కొత్త పెళ్ళికూతురి మేనత్త లాంటిది. ప్రతిదానికీ అలుగుతుంది. సన్నసూదితో తీస్తే అలుగుతుంది. మొదట వచ్చిన నెత్తురు వేరే ట్యూబులోకి వదలకపోతే అలుగుతుంది. గీత దాకా నిండకపోతే అలుగుతుంది. చల్లబడితే అలుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్యూబును ఊపకూడదు. నెమ్మదిగా నాలుగైదుసార్లు తలకిందులు చేసి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేయాలి. ఊపితే ప్లేట్‌లెట్లు ఎక్కడో దెబ్బ తగిలిందనుకుని లేచి కూర్చుంటాయి. ఆ తర్వాత మెషిన్ చెప్పే అంకె పైకి తప్పుతుందో కిందికి తప్పుతుందో కూడా ఎవరూ చెప్పలేరు.

ఇంత చెప్పాక వార్డులో ఏం జరుగుతుందనుకున్నారు? ఊపుతారు. టానిక్ సీసా ఊపినట్టు, మజ్జిగ చిలికినట్టు. ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిలో ట్యూబుతో తాళం వేశాడు. పన్నెండేళ్ళలో నేను ఎక్కువసార్లు పలికిన మాట మా ఆవిడ పేరు కాదు, "ఊపకండి". చివరికి పెద్దక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించాను. దాని పక్కనే నిలబడి ఊపారు.

మా డాక్టర్ సారు సంగతి మరోలా ఉండేది. చేయి బంగారం. ఓపిక మాత్రం స్టెంట్ అంత పొడవు. పేషెంట్ టేబుల్ మీద ఉండగా శాంపిల్ ఇచ్చి, అర నిమిషానికి "నరేశ్, అంకె వచ్చిందా?" అనేవాడు. ట్యూబు ఇంకా కుదురుకోలేదు సార్ అంటే, అది కుదురుకునేలోపు నేను రిటైరవుతాను అనేవాడు. చివరికి ఎవరు ముందు రిటైరయ్యారో చూశారుగా.

గోళీలు మందులు కావు

నెత్తురు కారే ప్రమాదం ఎవరికుందో మెషిన్ కంటే ముందు మనిషిని అడిగి తెలుసుకోవాలి. అడగడం కూడా వచ్చి ఉండాలి. బిచ్కుంద నుంచి ఒక కిరాణా షాపు పెద్దాయన వచ్చాడు, సగం మరాఠీ సగం తెలుగు. ఏమైనా మందులు వాడుతున్నారా అని ముగ్గురం అడిగాం. లేదన్నాడు. టేబుల్ ఎక్కించే ముందు వాళ్ళావిడ సంచీలోంచి నొప్పుల గోళీల పొట్లం తీసి, ఇవి ఆయనకు పొద్దుటివి, వేసుకోవచ్చా అని అడిగింది. ఎన్నేళ్ళ నుంచి అంటే ఆరేడేళ్ళట. కడుపులో పుండు చేసి నెత్తురు కార్పించే గోళీలవి. మందులు లేవన్నారు కదా పెద్దాయనా అంటే ఆయన నా అమాయకత్వానికి బాధపడ్డాడు. "గివి మందులెట్లయితయి సారూ? గివి చాయ్ అసొంటియి."

కాబట్టి పిల్లలూ, మందులు వాడుతున్నారా అని అడగకండి. నడుం నొస్తే ఏం చేస్తారు అని అడగండి. నేను ఆ రోజు నుంచి అలాగే అడిగాను. ఇంకా ఏం అడగాలో నాకు లచ్చవ్వ వచ్చేదాకా తెలియలేదు.

లచ్చవ్వ

లచ్చవ్వది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. డెబ్బైకి అటూ ఇటూ. బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో తునికాకు, చేతిలో కత్తెర. చిన్నప్పటి నుంచి వంగి కూర్చుని వంగి కూర్చుని మనిషి కూడా కొంచెం అలాగే మిగిలిపోయింది. నడుం నొస్తే ఏం చేస్తావవ్వా అంటే, ఊళ్ళో దుకాణంలో గోళీ తెచ్చుకుంటా అంది. ఎన్ని అంటే, నొచ్చినన్ని అంది. ఆ గోళీలు ఆమె కడుపులో పుండు చేశాయి. ఒకసారి నల్లగా విరేచనాలై నిజామాబాద్‌లో నెత్తురు ఎక్కించారట. బరువు నలభై కిలోలు దాటదు. ఒంట్లో నెత్తురు ఉండాల్సినదాంట్లో మూడింట రెండొంతులే ఉంది. గట్టు కూడా కాదు, గట్టు మీద గీసిన గీత.

ఆమెకు గుండె నాళంలో పెద్ద పూడిక. స్టెంట్ తప్పదు. సారు ఆలోచించి, మామూలు మందు, కొంచెం మెత్తటిది, మొదలుపెట్టాడు. వారం వాడాక ప్లేట్‌లెట్ల పరీక్ష చేసి, అది సరిపోతోందో లేదో చూసి, అప్పుడు స్టెంట్ పెడదామన్నాడు. సరిపోకపోతే గట్టి మందు ఇవ్వాలి. ఆమెలాంటి మనిషికి గట్టి మందు ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు.

అవ్వ వెంట వచ్చింది కోడలు సుజాత. వారానికి మళ్ళీ రావాలంటే ఆమె ముఖం వాడిపోయింది. వచ్చిన రోజు ఇద్దరి పనీ పోతుంది, అవ్వకు బస్సులో వాంతులు. అప్పుడు నేను ఒక తెలివైన మాట అన్నాను. "అవ్వ రావడమెందుకు? నెత్తురు వస్తే చాలు కదా." సారు లోపల కేసులో ఉన్నాడు, మిగతా అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎల్లారెడ్డిలో శాంపిళ్ళు తీసే గంగాధర్ నాకు తెలుసు. అతడు తీసి బస్సులో పంపితే నేను కామారెడ్డి బస్టాండులో దించుకుంటాను. మా వైపు బస్సులో పంపనిది ఏముంది? మందులు, ఫోన్ ఛార్జర్లు, మర్చిపోయిన కళ్ళద్దాలు, బియ్యం, కోడి. డ్రైవరన్న పక్కన పెడితే ఏదైనా చేరుతుంది.

నెత్తురు కూడా చేరింది. స్కూలు పిల్లల నీళ్ళ బాటిల్లో ఐసు ముక్కలు నింపి, అందులో ట్యూబు నిలబెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టి ఉంది. గంగాధర్ పనంటే అంత శ్రద్ధ. "అన్నా, ఐస్ల పెట్టి పంపిన, ఫికరు జేయకు," అన్నాడు ఫోన్లో. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా, దారిలో ఉన్న ప్రతి స్పీడ్ బ్రేకరూ ఎక్కి దిగి, ఐసులో గజగజ వణుకుతూ వచ్చిందది. ఊపవద్దని ఏళ్ళ తరబడి అరిచినవాణ్ణి, దాన్ని గంటన్నరసేపు బస్సుతో ఊపించాను.

తెలియక కాదు. ట్యూబు చేతిలోకి తీసుకోగానే తెలిసింది. చల్లగా ఉంది. పారేసి, అవ్వను రమ్మని చెప్పాలి. కానీ అవ్వకు నేనే చెప్పాను రానక్కర్లేదని. నా తెలివైన మాటను నేనే వెనక్కి తీసుకోవాలి. అది మనసొప్పలేదు. మెషిన్లో పెట్టాను. రెండు వందల ఎనభై ఒకటి వచ్చింది. అంటే మందు పట్టలేదని.

సారుకు అంకె చెప్పాను. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టి, "శాంపిల్ బాగుందా?" అన్నాడు.

"బాగుంది సార్," అన్నాను.

పన్నెండేళ్ళలో ఆయన ఓపిగ్గా అడిగిన ఒకే ఒక ప్రశ్న అది. దానికి నేను ఇచ్చిన జవాబు అది. సారు చాలాసేపు రిపోర్టు చూసి, ఇష్టం లేకుండానే గట్టి మందు రాశాడు. ఆరో రోజుకు స్టెంట్ అన్నాడు.

బీడీల లెక్క

స్టెంట్‌కు ముందు రోజు సాయంత్రం నేను ఏప్రన్ విప్పుతుండగా సుజాత ఫోన్ చేసింది. పొద్దున ఏమీ తినకుండా రావాలా అని. అవును, గోళీలు మాత్రం వేసుకోండి అన్నాను. ఫోన్ పెట్టేయబోతుంటే అంది, "ఇంకో మాట అన్నా. అత్తమ్మ వేలుకు కట్టున్నది. తీసి తోల్కరావాల్నా, ఉంచాల్నా?"

ఏం కట్టు అన్నాను. ఇందాక ఆకు కత్తిరిస్తుంటే కత్తెర గీసుకుందట. చిన్నదేనట. ఇంకా ఉబుకుతూనే ఉందట. మనిషిని విశ్రాంతిగా ఉండమని పంపితే ఆమె దృష్టిలో విశ్రాంతి అంటే కూర్చుని చేసే పని.

ఫోన్ అవ్వకు ఇమ్మన్నాను. ఆమె గొంతులో కంగారేమీ లేదు, విసుగుంది.

"ఏం లేదు బిడ్డా. ఎప్పుడు గీరుకున్నా నాలుగైదు బీడీలు జేసేసరికి ఆగుతది. గియ్యాల రెండు కట్టలైనయి, ఆగలే. ఆకంత ఖరాబైంది."

కట్టకు ఇరవై ఐదు. రెండు కట్టలంటే యాభై. లచ్చవ్వ చేతివాటానికి నిమిషానికి రెండుకు కాస్త తక్కువ. అర గంటయినా నెత్తురు ఆగలేదన్నమాట. ఇంతవరకు వింటే గట్టి మందు గట్టిగానే పనిచేస్తోందని అర్థమవుతుంది, అంతే. కానీ ఎందుకో ఇంకో మాట అడిగాను. ఈ కొత్త గోళీలకు ముందు, ఆ మొదటి గోళీలు వాడిన వారంలో ఎప్పుడైనా గీసుకున్నావా అని.

"గీరుకోకుంట బీడీలెట్లయితయి? గీరుకున్న. గప్పుడు పది బీడీలకు ఆగింది."

చేతిలోని ఏప్రన్ బల్ల మీద పెట్టి లెక్క వేశాను. ఏ మందూ లేనప్పుడు ఐదు. మెత్తటి మందుతో పది. అంటే ఆ మందు పట్టింది. సారుకు కావలసినంత పట్టింది. పట్టలేదని చెప్పింది నా మెషిన్. కాదు, మెషిన్‌ను ఎందుకు అనాలి, పట్టలేదని చెప్పింది బస్సు. అక్కర్లేని గట్టి మందు ఐదు రోజులుగా ఒక నలభై కిలోల మనిషి ఒంట్లోకి వెళ్తోంది. రేపు పొద్దున మేము ఆమె నాళానికి రంధ్రం పెట్టబోతున్నాం. వేలి మీద గీతకే నెత్తురు ఆగని మనిషికి.

ఇక్కడ సినిమాల్లో అయితే వాన పడాలి. ఏమీ పడలేదు. నేను ఆ పూట గోళీ వేయొద్దని, నల్లగా విరేచనమైతే వెంటనే బయల్దేరి రమ్మని, లేకపోయినా తెల్లారగానే రమ్మని సుజాతకు చెప్పి, సారు గదికి వెళ్ళాను. ఆయన టిఫిన్ బాక్స్ సర్దుకుంటున్నాడు.

"సార్, లచ్చవ్వ శాంపిల్ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చింది."

ఆయన మూత బిగిస్తూ, "ఎట్లా?" అన్నాడు.

"ఐసులో సార్."

అరుస్తాడనుకున్నాను. గ్లవ్స్ సైజు తప్పితే అరిచే మనిషి. అరవలేదు. డబ్బా మూత విప్పి మళ్ళీ బిగించాడు. "బాగుందన్నావు," అన్నాడు. అంతే. నేను బీడీల లెక్క కూడా చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. "రేపటి కేసు ఆపు. గట్టి మందు బంద్. నెత్తురు నువ్వే తియ్యి, ఇక్కడ," అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేను నవ్వుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి.

తెల్లారి అవ్వ చేతి నుంచి నేనే తీశాను. మొదటి ట్యూబు వదిలాను, రెండోది గీత దాకా నింపాను, నెమ్మదిగా తిప్పాను, కదలకుండా నిలబెట్టి పక్కన కాపలా కూర్చున్నాను. పద్నాలుగు వచ్చింది. ప్లేట్‌లెట్లు నిద్రపోవడం కాదు, ఊరు విడిచి వెళ్ళిపోయాయి. ఒంట్లో నెత్తురు కూడా ఇంకొంచెం తగ్గింది. అవ్వను వార్డులో ఉంచి, కడుపుకు మందిచ్చి, గట్టి మందు ప్రభావం తగ్గేదాకా చూసి, మళ్ళీ మెత్తటి మందు మీదికి తెచ్చారు. ఆ రోజులన్నీ స్టెంట్ లేని పూడికతో ఆమె మంచం మీద కూర్చుని, చేతులకు పని లేక, దుప్పటి అంచు చుడుతూ ఉంది. ఈసీజీ తీయడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ చుట్టిన అంచు నాకే కనిపించింది.

తర్వాతి పరీక్ష నూట యాభై ఎనిమిది. సరిగ్గా గట్టు మధ్యన. ఒంట్లో నెత్తురు తక్కువున్నవాళ్ళకు ఈ మెషిన్ కొంచెం ఎక్కువే చూపిస్తుంది కాబట్టి, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని సారు సరేనన్నాడు. కుడి చేయి ముట్టుకోవద్దని, అది కత్తెర చేయి అని అవ్వ పట్టుబట్టడంతో ఎడమ మణికట్టు నుంచి స్టెంట్ పెట్టాడు. కట్టు విప్పేసరికి చుక్క లేదు. ఆ రోజు ఆయన గ్లవ్స్ గురించి నా మీద అరిచాడు. చాలా హాయిగా అనిపించింది.

నెల తర్వాత

నా వైపు నుంచి చెప్పేది ఇదే. మెషిన్‌ను నమ్మండి, కానీ దాని దాకా నెత్తురు ఎలా వచ్చిందో తెలిశాకే నమ్మండి. శాంపిల్ బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి. ఆ క్షణంలో తిట్లు పడతాయి, పడనివ్వండి. నెత్తురు కారే భయమున్న మనిషిని, దెబ్బ తగిలితే ఎంతసేపటికి ఆగుతుంది అని అడగండి. నిమిషాల్లో చెప్పరు. వాళ్ళ పనిలో చెబుతారు. ఎన్ని బీడీలకు, ఎన్ని సాళ్ళకు, ఎన్ని గడ్డాలకు. రామారెడ్డి నుంచి వచ్చిన ఒక మంగలాయన మూడు గడ్డాలన్నాడు. సారు ముందు నవ్వాడు. తర్వాత అంకె పక్కన అది కూడా రాయమన్నాడు.

నెల తర్వాత లచ్చవ్వ చూపించుకోవడానికి వచ్చింది. ఈసారి మనిషే వచ్చింది, బస్సులో, వాంతులు చేసుకుంటూ. మళ్ళీ ఒకసారి ప్లేట్‌లెట్లు చూడాలి. నేను నీలం మూత ట్యూబు పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. నెల రోజులుగా ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. అవ్వా, ఆ గట్టి గోళీలు నీకు నా తప్పు వల్ల వచ్చాయి, నెత్తురు బస్సులో పంపకూడదు, ఊగితే అది చెడుతుంది, నాకు తెలిసీ చెప్పలేదు అని మొత్తం చెప్పాను.

అవ్వ విని, ముక్కు తుడుచుకుంది.

"నాకెర్కే బిడ్డా. గంగాధర్‌తోని గప్పుడే అన్న. బస్సుల పంపితే పాలే ఇరుగుతయి, నెత్తురు పంపుతర్రా అని. కామారెడ్డి సార్లే జెప్పిండ్రు అన్నడు."

"మరి నాకు చెప్పలేదేం అవ్వా? ఫోన్లో మాట్లాడావు కదా."

"నువ్వు బీడీలు అడిగినవు. బస్సు అడిగినవా?"

అవ్వ కొంగు సర్దుకుని, ఎడమ చేయి చాచి బల్ల మీద పెట్టింది.

"ఇగ తీయి," అంది. "ఊపకు."